అత్తమ్మకు చదివి వినిపించిన సినిమా

మా ఇంట్లో సబ్‌టైటిళ్లు చదివే ఉద్యోగం నాది. జీతం లేదు, సెలవు లేదు. మా అత్తమ్మ చీరలకు ఫాల్, పీకో కుడుతుంది. మౌలాలిలో మా ఇంటి ముందుగది ఆమెకు దుకాణం. మాకు హాలూ, టీవీ గదీ, పాప పాకే చోటూ కూడా అదే. కొరియా సీరియళ్లంటే అత్తమ్మకు ప్రాణం. తెలుగులో దొరికినవన్నీ చూడడం అయిపోయాక, కింద ఇంగ్లీషు అక్షరాలు పడేవాటి మీద పడింది. ఆమె చూపు సూది మీద ఉంటుంది, చెవి నా మీద ఉంటుంది. నేను బి.కాం. చదివింది ఇందుకేనని పెళ్లయ్యాక తెలిసింది.

ఈ పద్ధతిలో ఒక సౌకర్యం ఉంది. ఆమె తెరవైపు చూడదు. కత్తులు దూసినప్పుడో, ఎవరైనా ఎవరి చెంపైనా పగలగొట్టినప్పుడో మాత్రం మిషన్ ఆపి తలెత్తుతుంది. మిగతా సమయమంతా నేను ఏది చదివితే అదే కథ. పాప కింద పడ్డ హుక్కులేమైనా మింగిందేమోనని నాకు ఎప్పుడూ భయమే. మధ్యలో లేచి వెళ్లి, దాని నోట్లో వేలు పెట్టి వెతికి, ఏమీ లేకపోతే మరోసారి వెతికి తిరిగొచ్చేసరికి నాలుగు మాటలు దాటిపోయి ఉంటాయి. వాటిని నేనే కల్పించేదాన్ని. అలా ఒక రాజును పొరపాటున చంపేశాను. తర్వాతి వారం ఆయన గుర్రమెక్కి వస్తే, "తమ్ముడత్తమ్మా" అని సర్దుకున్నాను.

"అన్న లెక్కనే ఉన్నడు" అంది అత్తమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ. అంతకుమించి అడగలేదు.

మా ఆయన అప్పుడు దోహాలో ఒక హోటల్ వంటగదిలో పనిచేస్తున్నాడు. పాప పుట్టినప్పుడు వచ్చి, బారసాల కాగానే వెళ్లిపోయాడు. అక్కడ ఆయన గదిలో నాలుగు మంచాలు. ఒక మంచం మీద ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒకతను ఉండేవాడు. అదే వంటగదిలో కేకులు చేసే పని అతనిది. మా ఇంట్లో అందరికీ అతను కేకులాయనే. ఫోన్లో కనబడగానే అత్తమ్మకు "మమ్మీ" అని దండం పెట్టి, మా ఆయన నేర్పిన ఒకే ఒక్క తెలుగు మాట అనేవాడు. "తిన్నవా?"

"తిన్న బిడ్డా, నువ్వు తిన్నవా?" అని అత్తమ్మ తెలుగులోనే కుశలం అడిగేది. అతను బాగా అర్థమైనట్టు తలూపేవాడు.

నాకు నిద్రపట్టనివ్వని విషయం ఒకటుండేది. కేకులాయన నాలుకతో టక్ టక్ అని చప్పుడు చేస్తే పాప కిలకిలా నవ్వి ఫోన్ వైపు పాకేది. అదే ఫోన్లో వాళ్ల నాన్న ముఖం వస్తే పెదవి విరిచి ఏడుపు మొదలుపెట్టేది. మా ఆయన నవ్వేసేవాడు. కానీ నవ్విన ప్రతిసారీ కొంచెం పక్కకు చూసి నవ్వేవాడు.

ఇలా ఉండగా ఆయన అగ్రిమెంట్ అయిపోవచ్చింది. ఇంకో రెండేళ్లు ఉంటాడో లేదో ఆదివారం లోపు మేనేజర్‌కు చెప్పాలి. ఉండొద్దని నాకు. ఉండాలని ఆయనకూ లేదు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో మా మెసేజీలు చూస్తే ఎవరికైనా విసుగు పుడుతుంది. ఆయన "నీ ఇష్టం" అని పెడతాడు. నేను "నీ ఇష్టం" అని పెడతాను. కాసేపాగి ఆయన పాపకు పళ్లు ఎన్ని వచ్చాయని అడుగుతాడు. వద్దని నేనంటే ఆయన సంపాదనకు అడ్డం పడ్డట్టవుతుందని నా భయం. వచ్చేస్తానంటే వాళ్లమ్మ చిన్నబుచ్చుకుంటుందని ఆయన భయం. ఎందుకంటే ఫాల్ కుట్టించుకోవడానికి ఎవరొచ్చినా అత్తమ్మ మొదటి మాట "మావోడు దోహాల ఉంటడు" అనే. కొత్తగా వచ్చినవాళ్లకైతే టీవీ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పేది.

మనసు విప్పి మాట్లాడుకుందామంటే చోటు లేదు. అటు నాలుగు మంచాలు, ఇటు కుట్టుమిషన్. మిషన్ ఆగిందంటే అత్తమ్మ వింటోందని అర్థం. అందుకే ఆమె ముందు నేను ఆయన్ని "మీరు" అంటాను. ఆమె దారాలకని జనరల్ బజార్ వెళ్లినప్పుడే మా ఇద్దరి మధ్య "నువ్వు" నడిచేది. ఆ వారం దారాలు నిండుగా ఉన్నాయి.

అప్పుడు కేకులాయన ఒక సినిమా సంగతి చెప్పాడట. వాళ్ల దేశం సినిమా. పరాయి దేశంలో పనులు చేసుకునే ఇద్దరి ప్రేమకథ. ఊరొదిలి వచ్చిన వాళ్లవాళ్లందరూ దాన్ని మళ్లీ మళ్లీ చూసి ఏడుస్తారట.

"శుక్రవారం నాకు సెలవు గదా" అన్నాడు మా ఆయన ఫోన్లో. "నువ్వు ఆడ పెట్టు, నేను ఈడ పెడ్త. వీడియో కాల్ ఆన్ చేసుకోని ఇద్దరం ఒకేసారి చూద్దాం."

పాప కడుపులో పడ్డాక మేమిద్దరం కలిసి సినిమా చూసిందే లేదు. పరాయి దేశంలో ప్రేమలెలా పుడతాయో ఆయనకు ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చిందని ఒక పక్క అనుమానం పీకినా, శుక్రవారం మధ్యాహ్నం తలస్నానం చేశాను. ఇస్త్రీ చేసిన డ్రెస్సు వేసుకున్నాను.

"ఏందీ, ఎవరన్న వస్తున్నరా?" అంది అత్తమ్మ.

"లేదత్తమ్మా. మీ అబ్బాయి సినిమా చూద్దామన్నారు, ఫోన్లో."

"ఫోన్ల సినిమాకు తలకు పోసుకున్నవా?"

"దుమ్ముగా ఉంటేను."

అత్తమ్మ నన్నూ, నా చెవుల జూకాలనూ ఒకసారి చూసింది. "ఏం సినిమానో నేను సుత చూస్త" అని మిషన్ మీద గుడ్డ కప్పి, చాప మీద సరిగ్గా మధ్యలో కూర్చుంది. ఆమె మిషన్ మీద గుడ్డ కప్పిందంటే చూపు ఖాళీ అయిందన్నమాట. ఆ గాబరాలో నాకది తట్టలేదు.

టీవీలో సినిమా పెట్టాను. ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి నిలబెట్టాను. ఆ డబ్బా అత్తమ్మకు దగ్గరగా, నాకు దూరంగా ఉంది. అటువైపు మా ఆయన, ఆయన భుజం మీదుగా తువ్వాలుతో సిద్ధంగా కేకులాయన. "ఒకటి, రెండు, మూడు" అనుకుని ఇద్దరం ఒకేసారి నొక్కాం. అయినా వాళ్ల సినిమా మాకంటే కొంచెం ముందు నడిచింది. అక్కడ కేకులాయన ముక్కు చీదాడంటే, ఇక్కడ తెర మీద ఏదో కష్టం రాబోతోందని అర్థం.

"తయారుగుండు బిడ్డా, ఏదో అయితది" అనేది అత్తమ్మ.

కథ మామూలుదే. ఎప్పుడూ వాన పడే ఒక చలిదేశం. అక్కడ ఒక ముసలాయనను కనిపెట్టుకుని ఉండే పని అమ్మాయిది. రొట్టెల బండి నడపడం అబ్బాయి పని. ఇద్దరిదీ ఒకే దేశం. ఒకే బస్టాపులో రోజూ కలుస్తారు. అమ్మాయి ఇంటికి పంపడానికి మనిషంత అట్టపెట్టెలో సబ్బులూ, చెప్పులూ, చాక్లెట్లూ కుక్కి, మీద కూర్చుని మూస్తుంది. అబ్బాయి దాన్ని తాడుతో అడ్డం పొడుగూ కట్టి, మందపాటి పెన్నుతో నాలుగు పక్కలా పేరు రాస్తాడు.

అత్తమ్మ ముందుకు వంగింది. "అగో, దోహాకెళ్లి వచ్చే మనోళ్ల పెట్టె లెక్కనే కట్టిండు. ముడి సుత గదే ముడి."

ఆమె అలా పెట్టె మీద ధ్యాసలో ఉన్నప్పుడు నాకు ధైర్యం వచ్చింది. తెర మీద మళ్లీ బస్టాపు. అమ్మాయి చేతులు రుద్దుకుంటూ ఏదో చిన్న మాట అంది. ఈరోజు చలిగా ఉందని కింద ఇంగ్లీషులో పడింది.

నేను చదివాను. "'నువ్వు ఊఁ అని వాళ్లకు చెప్పేముందు నా మనసులో ఏముందో అడగవా' అంటోంది అత్తమ్మా."

ఫోన్లో మా ఆయన నమలడం ఆపేశాడు. అబ్బాయి ఏదో అన్నాడు. బస్సు ఇంకా రాలేదని పడింది. నేను నోరు తెరిచేలోపు ఫోన్లోంచి వినబడింది.

"అమ్మా, వాడేమంటున్నడంటే, 'అడిగిన గదా, నీ ఇష్టం అన్నవ్' అంటున్నడు."

"'ఆడవాళ్లు నీ ఇష్టం అంటే, ఇష్టం లేదని నీకు తెలియదా' అంటోంది" అన్నాను.

"'గది ముందుగాల్నే చెప్పొచ్చు గదా' అంటున్నడు."

"గంత చలిల నిలబడి కొట్లాడుడేంది" అంది అత్తమ్మ. "లోపలికి పోయి మాట్లాడుకోవచ్చు గదా."

నా చెవులు వేడెక్కాయి. అత్తమ్మ పక్కనే కూర్చుని ఆయన్ని అన్నిసార్లు "నువ్వు" అన్నాను, ఆమె ఏమీ అనలేదు. అంతకంటే స్వేచ్ఛ ఏముంటుంది? ఇక ఆగలేదు. సినిమాలో అబ్బాయి ఒక బన్ను తుంచి సగం ఆమెకిచ్చి, సగం నోట్లో పెట్టుకున్నాడు. మా ఆయన అందుకున్నాడు.

"'నాకు సుత ఈడ ఉండబుద్ధి అయితలేదు. రోజు పొద్దుగాల లేవంగనే ఇంటికి పోయిన అనుకుంట. కానీ కిచెన్ల నన్ను పెద్ద మాస్టర్‌ను చేస్తమంటున్నరు, ఇప్పుడు వచ్చేస్త అంటే ఇంట్ల ఏమనుకుంటరో' అంటున్నడు."

"నోట్ల బన్ను ఉన్నది గదరా" అంది అత్తమ్మ. "గంత మాట ఎట్లన్నడు?"

"మనసుల అనుకుంటున్నడమ్మా."

"రొట్టెల బండి నడిపేటోన్ని కిచెన్ల మాస్టర్ ఎందుకు చేస్తరు?"

నెట్ ఆగిపోయినట్టు మా ఆయన కదలకుండా ఉండిపోయాడు. వెనక కేకులాయన తువ్వాలు కదులుతూనే ఉంది కాబట్టి అది నెట్ కాదని తెలిసిపోతోంది.

నేను కాపాడబోయి ఇంకా ముంచాను. తెర మీద అమ్మాయి కళ్లల్లో నీళ్లు. ఏమీ మాట్లాడటం లేదు. కింద అక్షరాలు కూడా లేవు. నేను మాత్రం చదివాను. "'పిల్ల నిన్ను చూస్తే ఏడుస్తోంది, పక్కవాడిని చూస్తే నవ్వుతోంది. ఇంకో రెండేళ్లు ఇలాగే ఉంటే నేనేం చేయాలి' అంటోంది."

అత్తమ్మ తెరను చూసింది. నన్ను చూసింది. "వీళ్లకు ఇంక పెండ్లే కాలె. పిల్ల యాడికెళ్లి వచ్చింది?"

"అది... ఫ్లాష్‌బ్యాక్ అత్తమ్మా."

"ముందర రావాల్సిన పిల్ల ఫ్లాష్‌బ్యాక్‌లకెట్ల వస్తది?"

"పొరపాటున చదివానేమో."

"ఆ పిల్ల నోరే తెరువలె. నువ్వు ఆపుతలేవు."

రైలు ఒకటి మా గోడ అవతల నుంచి వెళ్లింది. నాకెంతో మేలు చేసింది, కాసేపు ఎవరూ ఏమీ అనే వీలు లేకుండా. రైలు పోయేసరికి పాప ఎటు పోయిందోనని లేవబోయాను. నిజానికి అది నా ఒళ్లోనే ఉంది.

అప్పుడే అటువైపు కేకులాయన పెద్దగా ముక్కు చీదాడు. మా తెర మీద ఒక ముసలమ్మ వచ్చింది. అట్టపెట్టె విప్పి, అందులోవన్నీ ఇల్లంతా పరిచి ఉన్నాయి. సబ్బుల మధ్య కూర్చుని ఫోన్ పట్టుకుంది.

"ఈమె ఎవలు?" అంది అత్తమ్మ.

"ఆ అమ్మాయి వాళ్ల అమ్మ" అన్నాను. ఇక ఒక్క అక్షరం కూడా కల్పించకూడదనుకుని, తెర వైపు బాగా వంగి, "ఆమె ఏమంటోందంటే" అని మొదలుపెట్టాను.

అత్తమ్మ నా చేతిలోంచి రిమోట్ తీసుకుని బొమ్మను ఆపేసింది. "నువ్వు ఉండు. ఈమెది నేను చదువుత."

ఫోన్లో మా ఆయన కదిలాడు. "నీకు ఇంగ్లీష్ రాదు గదమ్మా."

"మీకు వచ్చి ఉన్నది చదివిన్రా?"

ఇద్దరం తలలు దించుకున్నాం. నేను ఇక్కడ చాప మీద, ఆయన అక్కడ మంచం మీద. పాప ఒక్కతే తలెత్తుకుని ఉంది.

అత్తమ్మ కొంగు సర్దుకుంది. ఆగిపోయిన ముసలమ్మ ముఖంలోకి చూస్తూ చదవడం మొదలుపెట్టింది.

"'బిడ్డా' అంటున్నది. 'మావోడు దోహాల ఉన్నడని నేను అందరికి చెప్పుకునే మాట నిజమే. చీర ఇయ్యనీకి వచ్చినోళ్లు కొడుకేం చేస్తడని అడుగుతరు. ఏదన్న ఒకటి చెప్పాలె గదా. గది పట్టుకోని నువ్వు ఆడనే కూసుంటవా?'"

"ఆమె దోహా అన్నదా అమ్మా?"

"అన్నది. నువ్వు మధ్యల రాకు." మళ్లీ తెర వైపు తిరిగింది. "'నీ పెండ్లాం లోపల లోపల పరేషాన్ అయితున్నది. పిల్ల తుమ్మితే థర్మామీటర్ తీస్తది, తుమ్మకపోయినా తీస్తది. నాకు చెప్పనీకి భయం. నేనేమన్న పులినా? పిల్ల గోడలు పట్టుకోని నిలబడుతున్నది. ఇంక రెండేండ్లకు వస్తే అది ఉరుకుతుంటది, నువ్వు ఎనకకెళ్లి ఉరుకుతవా?'"

నేను పాప జుట్టులో ముఖం దాచుకున్నాను. అటువైపు కేకులాయన తువ్వాలు ఇప్పుడు మా ఆయన చేతిలో ఉంది.

"'వంట ఈడ సుత చేస్తరు. సికింద్రాబాద్‌ల హోటళ్లకేం తక్కువ? వచ్చేయి. వచ్చి నెలల కొద్ది పండుకుంటే మాత్రం నేనే మల్ల విమానం ఎక్కిస్త.'" అత్తమ్మ ఊపిరి తీసుకుంది. "'ఇంకోటి. కంబళ్లు తేకు. సజ్జ మీద మూడున్నయి. మన ఎండలకు కంబళ్లేందిరా, పోయినసారే చెప్పిన' అంటున్నది. గంతే."

ఆమె రిమోట్ నా ఒళ్లో పెట్టింది. మమ్మీ ఏమందని కేకులాయన మా ఆయనను పొడిచి పొడిచి అడిగాడు. మా ఆయన గొంతు సవరించుకుని అదంతా ఇంగ్లీషులో చెప్పాడు. కంబళ్ల దగ్గరికి వచ్చేసరికి కేకులాయన అయోమయంగా తల అడ్డంగా ఊపాడు. ఆ సినిమా అతనికి కంఠతా వచ్చు. ఆ తల్లి అక్కడ ఒకే ఒక్క మాట అంటుందట. ఫోన్ కెమెరాలోకి వంగి, ఆ మాటను మాకు తెలుగులో చెప్పాడు.

"తిన్నవా?"

"గంతేనంటమ్మా" అన్నాడు మా ఆయన. "సినిమాల ఆమె తిన్నవా అని ఒక్కటే అన్నదంట."

"నేను చెప్పింది సుత గదే గదా" అంది అత్తమ్మ. లేచి మిషన్ మీది గుడ్డ తీసింది.

ఆ రోజు సినిమా అక్కడితో ఆగిపోయింది. మిగతాది చూద్దామని ఎవరికీ గుర్తు రాలేదు. ఆదివారం మా ఆయన నుంచి మెసేజ్ వచ్చేదాకా నేను ఫోన్ కింద పెట్టలేదు. అందులో "నీ ఇష్టం" లేదు. "చెప్పేసిన, వస్తున్న" అని ఉంది. వెనకే ఇంకొకటి. "అమ్మకు చదివి వినిపియ్యి. ఉన్నది ఉన్నట్టు."

వచ్చాడు. విమానాశ్రయంలో పాప ఆయన్ని చూసి నా మెడ పట్టుకుని కేకలు పెట్టింది. ఆయన పాపం చుట్టూ చూసి, సిగ్గుపడుతూ, నాలుకతో టక్ టక్ అన్నాడు. పాప ఏడుపాపి, ఆ చప్పుడు చేసే మనిషి ఎక్కడున్నాడా అని ఆయన నోట్లోకి తొంగి చూసింది. ప్రస్తుతానికి అంతవరకే వచ్చాం. ఇంటికొచ్చి అట్టపెట్టె తాడు విప్పితే అన్నిటికంటే పైన, ఎర్ర గులాబీల కంబళి.

"నాది కాదమ్మా" అన్నాడు ముందే. "మమ్మీకని వాడు ఇచ్చిండు. వద్దంటే ఏడ్సిండు."

ఇప్పుడా కంబళి నాలుగు మడతలతో ఆమె మిషన్ ముందు స్టూలు మీద ఉంది. నడుముకు సుఖంగా ఉందట.

ఆయన ఇప్పుడు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఒక హోటల్లో పనిచేస్తున్నాడు. ఇది రాస్తుంటే పక్క గదిలో ఆయన గురకా, పాప ఊపిరీ వినబడుతున్నాయి. పాపది సరిగా వినబడక నాలుగుసార్లు లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఐదోసారి లేస్తే ఆయన కళ్లు తెరవకుండానే, "ఉన్నది, తీసుకుంటున్నది, పండుకో" అన్నాడు.

మొన్న ఆయనకు సెలవు. ఆ సినిమా ఏమైందో మళ్లీ మొదటి నుంచి చూద్దామన్నాడు. అత్తమ్మ మిషన్ మీదే కూర్చుంది, చీర ఇవ్వాల్సి ఉందని. "ఈసారన్న ఉన్నది ఉన్నట్టు చదువు బిడ్డా" అంది. సరేనన్నాను. బస్టాపు వచ్చింది.

"'ఈరోజు చలిగా ఉంది' అంటోంది" అని చదివాను.

"ఊఁ."

"'బస్సు ఇంకా రాలేదు' అంటున్నాడు."

"ఊఁ."

"'నీ చేతులు చల్లగా ఉన్నాయి' అంటున్నాడు. 'నీవి కూడా' అంటోంది."

మిషన్ ఆగింది. "గింతేనా?"

"ఇంతే అత్తమ్మా."

"గిదానికేనా గా కేకుల పిలగాడు గంత ఏడ్సిండు? మీరు చదివిందే మంచిగుండె. గట్లనే చదువున్రి."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఒళ్లో పాప, నోట్లో బన్ను. తెర మీద అబ్బాయి నోట్లోనూ బన్నే.

"'కంబళి వద్దు వద్దంటివి, దాని మీదికెళ్లి లేస్తనే లేవు' అంటున్నడమ్మా" అన్నాడు.

మిషన్ మళ్లీ మొదలైంది, ఎప్పటికంటే కాస్త గట్టిగా.